డిశ్చార్జ్ తర్వాత ఆ మనిషి ఎవరి బాధ్యత?

ప్రాంతీయ ఆరోగ్య వ్యవస్థలను నడిపే అధికారులకు, ఆస్పత్రుల పాలకవర్గాలకు, సామాజిక సంరక్షణ శాఖల పెద్దలకు నమస్కారం.

నేను ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌ని. ఎక్కువగా పెద్ద వయసు వాళ్లుండే వార్డుల్లో పనిచేస్తాను. డాక్టరుగారు "ఇక ఇంటికి వెళ్లొచ్చు" అన్నాక నా పని మొదలవుతుంది. ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారా, మెట్లు ఎక్కగలరా, మందులు వేళకు ఎవరిస్తారు, స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రిపూట బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే నా ఉద్యోగం. ఆ జవాబుల్లో సగం ఆస్పత్రి చేతిలో ఉండవు. వేరే శాఖలో, వేరే బడ్జెట్‌లో, వేరే ఫారంలో ఉంటాయి. అందుకే ఆరోగ్య సేవలనూ సామాజిక సంరక్షణనూ (స్నానం, తిండి, కదలిక లాంటి రోజువారీ పనుల్లో సాయం చేసే సేవలనూ) ఒక ప్రాంతం మొత్తానికి కలిపి నడపాలని మీలాంటి వాళ్లు ఆలోచిస్తున్నారంటే నాలాంటి వాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

దానితోపాటు ఒక భయం కూడా ఉంది. ఈ కలపడం పైనే మొదలై పైనే ఆగిపోతుందేమోనని. కొత్త బోర్డు వస్తుంది, దానికి కొత్త పేరు వస్తుంది, సంయుక్త కమిటీలు వస్తాయి, ఎవరు ఎవరికి రిపోర్టు చేయాలో చూపించే పెద్ద చార్టు వస్తుంది. అవన్నీ అవసరమే కావచ్చు. కానీ వాటికంటే ముందు ఒక్క విషయం తేల్చమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పడిన క్షణం నుంచి ఆ మనిషి గురించి జవాబు చెప్పే వ్యక్తి ఎవరు? ఆ వ్యక్తికి పేరుండాలి, ఫోన్ నంబరుండాలి, రెండు శాఖల డబ్బునూ ఖర్చుపెట్టే అధికారం ఉండాలి. ముందు ఆ ఒక్కరిని నిలబెట్టండి. మిగతా నిర్మాణాన్ని వాళ్ల చుట్టూ కట్టండి.

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో చెబుతాను. తుంటి ఎముక విరిగి వచ్చిన ఒక పెద్దావిడను ఊహించుకోండి. ఆపరేషన్ బాగా జరుగుతుంది. కొద్దిరోజుల్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. వైద్యం వరకు చూస్తే ఆమెకు ఆస్పత్రితో ఇక పని లేదు. కానీ ఇంట్లో ఆమె ఒక్కరే ఉంటారు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి సాయం చేసే మనిషి కావాలి. ఆ మనిషిని పంపాల్సింది సామాజిక సంరక్షణ శాఖ. వాళ్లు పంపాలంటే ముందు అసెస్‌మెంట్, అంటే ఆమెకు ఏ సాయం ఎంత కావాలో అంచనా, చేయాలి. అసెస్‌మెంట్ జరగాలంటే ఆస్పత్రి నుంచి రిఫరల్ ఫారం వెళ్లాలి. రిఫరల్‌లో ఒక గడి ఖాళీగా ఉందని అది తిరిగొస్తుంది. అంతా సరిపోయాక ఖర్చు ఎవరు భరించాలన్న చర్చ మొదలవుతుంది. ఈలోగా ఆమె మంచం మీదే ఉంటారు.

ఆస్పత్రిలో ఉంటే విశ్రాంతే కదా, నష్టమేముంది అనుకుంటారు చాలామంది. పెద్ద వయసులో ఆ విశ్రాంతే ముంచుతుంది. 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచానికే పరిమితం చేసి చూశారు. ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ తగ్గింది. ఏ జబ్బూ లేనివాళ్ల సంగతి అది. అప్పుడే ఆపరేషన్ అయి, సరిగా తినక, నిద్ర పట్టక ఉన్న మనిషి సంగతి ఏమిటో ఆలోచించండి. వాకర్‌తో నడిచిన ఆవిడ, ఫైలు కదిలేసరికి కుర్చీలోంచి లేవలేని స్థితికి వస్తారు. అప్పుడు అసెస్‌మెంట్ మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే ఆమె అవసరాలు మారిపోయాయి. ఆ మార్పు తెచ్చింది ఆలస్యమే. కానీ ఆ ఆలస్యం ఏ శాఖ రికార్డులోనూ తప్పుగా నమోదు కాదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. బెడ్లు చాలవన్న ఒత్తిడి పెరిగినప్పుడు ఏ ఏర్పాటూ లేకుండానే ఇంటికి పంపేస్తారు. మందుల చీటీ చేతిలో పెట్టి, "ఇంట్లో ఎవరో ఒకరు చూసుకుంటారులే" అనుకుంటారు. ఆ "ఎవరో ఒకరు" చాలా ఇళ్లల్లో లేరు. ఉన్నచోట కూడా, ఆ మనిషి సొంత ఉద్యోగం, సొంత పిల్లలు, సొంత నడుంనొప్పి ఉన్న మనిషి. కొద్దిరోజుల్లో పేషెంటు ఎమర్జెన్సీకి తిరిగొస్తారు. అప్పుడు కంప్యూటర్‌లో అది కొత్త కేసు.

ఎవరూ చెడ్డవాళ్లు కారు. వార్డు సిస్టర్ తన పని చేస్తున్నారు. అసెస్‌మెంట్ అధికారి తన పని చేస్తున్నారు. ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ మాత్రం ఎవరి పనీ కాదు.

ఈ ఖాళీ ఎక్కడిది? చాలా దేశాల్లో దీనికి పుట్టిన తేదీ కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది, వైద్యం అందరికీ ఉచితం అన్నారు. అదే ఏడాది వచ్చిన మరో చట్టం వృద్ధులకూ వికలాంగులకూ సంరక్షణ ఏర్పాట్లను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. దానికి ఆదాయం, ఆస్తి చూసి డబ్బు వసూలు చేసే పద్ధతి పెట్టింది. ఒకే ఏడాదిలో ఒకే మనిషికి రెండు తలుపులు తయారయ్యాయి. వైద్యానికీ సంరక్షణకూ మధ్య గీసిన ఆ గీత ఇప్పటికీ ఉంది. క్యాన్సర్ వచ్చిన వ్యక్తి చికిత్సకు బిల్లు ఉండదు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) వచ్చి, తినిపించడానికి, స్నానం చేయించడానికి, తప్పిపోకుండా కనిపెట్టుకుని ఉండడానికి మనిషి కావాల్సి వస్తే మాత్రం చాలామంది తమ పొదుపులోంచి కట్టుకోవాలి. ఏ జబ్బు వచ్చిందన్న దాన్ని బట్టి కుటుంబం ఆర్థికంగా నిలబడుతుందో కూలిపోతుందో తేలిపోతోంది. ఆ గీత గీసిన రోజుల్లో మనుషులు ఇంతకాలం బతకడం లేదు, ఒకే మనిషికి నాలుగైదు దీర్ఘకాలిక జబ్బులు ఉండడం ఇంత మామూలు కాదు. గీత గీసిన కారణం పోయింది, గీత మిగిలింది.

మరి శాఖలను కలిపేస్తే సరిపోతుందా? సరిపోదని చెప్పే అనుభవం మన కళ్ల ముందే ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో ఆరోగ్యం, సామాజిక సంరక్షణ 1973 నుంచీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఇప్పుడు అక్కడి ట్రస్టుల్లో, అంటే ఈ సేవలు నడిపే ప్రభుత్వ సంస్థల్లో, డాక్టరు, సోషల్ వర్కర్ ఒకే సంస్థ ఉద్యోగులు. అయినా యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఆస్పత్రి చికిత్స కోసం అత్యంత ఎక్కువకాలం ఎదురుచూసేవాళ్లు అక్కడే ఉన్నారు. 2016లో రఫాయెల్ బెంగోవా నాయకత్వంలోని నిపుణుల బృందం ఆ వ్యవస్థను పరిశీలించింది. నిర్మాణాలను మళ్లీ మళ్లీ మార్చడం మీద కాకుండా సేవలు పనిచేసే తీరు మీద దృష్టి పెట్టమని చెప్పింది. ఒకే సంస్థలో ఉన్నా ఆస్పత్రి అవసరాలే ఎప్పుడూ ముందుకొస్తాయి. ఎమర్జెన్సీ ముందు ఆగిన అంబులెన్సులు అందరికీ కనిపిస్తాయి. ఇంట్లో స్నానం చేయించే మనిషి రాక మూడు రోజులుగా అవే బట్టల్లో ఉన్న ముసలాయన ఎవరికీ కనిపించరు.

ఇంగ్లండ్ 2022 జులై 1న 42 సమీకృత సంరక్షణ వ్యవస్థలకు, అంటే ఒక్కో ప్రాంతంలో ఆరోగ్య, సంరక్షణ సంస్థలను కలిపే ఏర్పాట్లకు, చట్టబద్ధత ఇచ్చింది. ఫిన్లండ్ 2023 జనవరి 1న ఇంకా పెద్ద అడుగు వేసి, అప్పటిదాకా మునిసిపాలిటీల దగ్గరున్న ఆరోగ్య, సామాజిక సేవలను, అగ్నిమాపక సహాయ సేవలతో కలిపి 21 సంక్షేమ ప్రాంతాలకు అప్పగించింది. రాజధాని హెల్సింకి మాత్రం తన సేవలను తానే చూసుకుంటుంది. కొత్త ప్రాంతాలు మొదటి ఏడాదే పెద్ద లోటులో పడ్డాయి. దీన్ని చూపించి ఏకీకరణ విఫలమైందనే వాళ్లుంటారు. నేను అలా అనను. ఇందులో మీరు గమనించాల్సింది వేరే ఉంది. కలిపిన మొదటి రోజు నుంచే డబ్బు మిగులుతుందని ఆర్థిక శాఖకు మాటివ్వకండి. ఆ మాట నిలబెట్టుకోవడానికి చివరికి కోత పడేది హోమ్ కేర్ (ఇంటికొచ్చి చేసే సాయం) గంటల మీదే.

డబ్బు సంగతి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. బాత్‌రూమ్‌లో కడ్డీ బిగించడానికి, రోజుకు రెండుసార్లు మనిషిని పంపడానికి ఖర్చుపెట్టేది సామాజిక సంరక్షణ శాఖ. ఆవిడ మళ్లీ పడకుండా ఉంటే మిగిలేది ఆస్పత్రికి. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. అలాంటప్పుడు ముందు ఖర్చుపెట్టే వాళ్లకు తొందర ఎందుకుంటుంది? వాళ్ల పుస్తకాల్లో ఆ పెద్దావిడ ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఖర్చు సున్నా.

స్వీడన్ ఈ విషయాన్ని 1992లోనే నేరుగా పట్టుకుంది. పెద్దల సంరక్షణ బాధ్యతను మునిసిపాలిటీలకు ఇచ్చి, వైద్యం పూర్తయినా ఆస్పత్రిలోనే ఉండిపోయినవాళ్ల ఖర్చును మునిసిపాలిటీలే కట్టాలని నియమం పెట్టింది. అలా ఉండిపోయేవాళ్ల సంఖ్య వేగంగా తగ్గింది. ఇంగ్లండ్ 2003లో అలాంటి చట్టమే చేసింది. డబ్బు ఎటు తోస్తే ఫైలు అటు కదులుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా జరిమానా ఒక్కటే చాలదని నా అభిప్రాయం. జరిమానా ఉన్నచోట పేషెంటు "వైద్యపరంగా సిద్ధం" అయ్యారా లేదా అన్న వాదనలోనే రెండు పక్షాల శక్తి అయిపోతుంది. ఫోన్లు చేసుకోవాల్సిన వాళ్లు ఒకరికొకరు నోటీసులు రాసుకుంటారు. వృద్ధులు, దీర్ఘకాలిక రోగుల కోసమైనా ఒక ఉమ్మడి నిధి పెట్టడం మేలు. ఆ నిధిలో పడ్డ రూపాయి ఏ శాఖ నుంచి వచ్చిందో ఎవరూ అడగకూడదు. పై ఆమోదం కోసం ఎదురుచూడకుండా అందులోంచి ఒక పరిమితి వరకు ఖర్చుపెట్టే అధికారం నేను మొదట చెప్పిన ఆ ఒక్క వ్యక్తికి ఉండాలి.

ఆ ఒక్క వ్యక్తి అంటే పెద్ద హోదా ఉన్న అధికారి అనుకోకండి. ఇంగ్లండ్‌లోని టోర్‌బేలో 2005లో ఆరోగ్య, పెద్దల సంరక్షణ సేవలను ఒకే ట్రస్టు కిందికి తెచ్చినప్పుడు, వాళ్లు ఎనభై ఏళ్లు దాటిన మిసెస్ స్మిత్ అనే ఒక ఊహాజనిత వ్యక్తిని ముందు పెట్టుకుని సేవలను రూపొందించారు. ప్రతి బృందంలో సమన్వయకర్తలను పెట్టారు. వాళ్లకు నర్సింగ్ డిగ్రీ గానీ సోషల్ వర్క్ డిగ్రీ గానీ ఉండాల్సిన పని లేదు. ఫోన్ ఎత్తడం, విషయం వినడం, ఏది కావాలో కనుక్కుని ఆ సేవ ఏర్పాటయ్యేదాకా వెంటపడడం వాళ్ల పని. ఆస్పత్రిలో అనవసరంగా ఉండిపోయేవాళ్లు అక్కడ చాలా తక్కువకు దిగారు. స్వీడన్‌లోని యోన్‌షోపింగ్ ప్రాంతంలో 1990ల చివర్లో ఎస్తర్ అనే వృద్ధురాలి పేరు పెట్టుకుని ఇలాంటి మార్పే మొదలుపెట్టారు. ఊపిరాడక ఆస్పత్రికి వెళ్లిన ఆమె, చేరిన చోటల్లా తన కథ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి అక్కడ ఏ మార్పు చేయాలన్నా "దీనివల్ల ఎస్తర్‌కి మేలేనా?" అని అడుగుతారు. మీ సమావేశాల్లోనూ ఇలాంటి ఒక మనిషిని ముందు పెట్టుకోండి. ఎజెండాలో సగం అంశాలు ఆ ప్రశ్న ముందు నిలబడవు.

బృందంలో ఎవరుండాలన్న దానిమీద నాకు బాగా నచ్చిన నియమం ఒకటి అమెరికాలో ఉంది. 1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్‌లో ఆన్ లోక్ అనే సంస్థ, నర్సింగ్ హోమ్‌లో చేరాల్సినంత బలహీనంగా ఉన్న వృద్ధులను ఇళ్లలోనే ఉంచి చూసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత అదే పేస్ అనే జాతీయ కార్యక్రమంగా మారింది. తలకింత అని నెలనెలా డబ్బు వస్తుంది, వైద్యం నుంచి స్నానం దాకా ఆ డబ్బుతోనే చేయాలి. ప్రతి వృద్ధుడి విషయం చర్చించే బృందంలో ఎవరెవరుండాలో నిబంధనల్లోనే రాశారు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్‌లతో పాటు, ఇంట్లో సాయం చేసే సహాయకురాలు, వ్యాన్ డ్రైవరు కూడా సభ్యులే. డ్రైవరు ఎందుకంటారా? రోజూ ఇంటి గుమ్మం దాకా వెళ్లేది ఆయనే. నిన్నటికంటే ఈరోజు ఆవిడ మెట్లు దిగడానికి ఎక్కువసేపు పట్టిందని, ఇంట్లోంచి దుర్వాసన వస్తోందని, తలుపు తీయడానికి తడబడ్డారని ముందు తెలిసేది ఆయనకే. ఆ మాటకు బృందంలో విలువ ఉంటే ఒక జారిపడడాన్ని ఆపొచ్చు.

మన దగ్గర ఈ మాట చెప్పాల్సిన వాళ్లకు చోటెక్కడుంది? ఇంటింటికీ వెళ్లే హోమ్ కేర్ వర్కర్లను చాలాచోట్ల వ్యవస్థలో భాగంగానే లెక్కేయరు. ఏజెన్సీ కింద గంటల లెక్కన పనిచేస్తారు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి జీతం ఉండదు. ఆస్పత్రిలో అదే పని చేసే వాళ్లకంటే తక్కువ జీతం, తక్కువ శిక్షణ. ఆరు నెలలు చేసి మానేస్తారు. అప్పుడు పెద్దవాళ్లు కొత్త మనిషి ముందు మళ్లీ బట్టలు విప్పాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, సేవలను వద్దనేసి తలుపు వేసుకునే పెద్దవాళ్లలో చాలామందికి కారణం ఇదే. రెండు వైపుల ఉద్యోగుల జీతభత్యాలను దగ్గరికి తేకుండా సేవలను కలిపామంటే ఎవరూ నమ్మరు. ఏకీకరణ బడ్జెట్‌లో కన్సల్టెంట్లకూ సాఫ్ట్‌వేర్‌కూ కేటాయించే ముందు ఈ పద్దు చూడండి.

కుటుంబ సభ్యుల గురించి కూడా ఇదే చెబుతాను. కోడలు, కూతురు, భార్య, ఈమధ్య కొడుకులు కూడా, ప్రపంచంలో ఎక్కడైనా సంరక్షణలో అత్యధిక భాగం జీతం లేని ఈ చేతుల మీదే జరుగుతోంది. డిశ్చార్జ్ రోజున క్యాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం) ఎలా చూసుకోవాలో రెండు నిమిషాల్లో చెప్పి పంపేస్తాం. పుండ్లు పడకుండా మంచం మీద మనిషిని ఎలా తిప్పాలో చూపించం. "మీరు చేయగలరా?" అని అడగం, చేస్తారనుకుంటాం. వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, నెలకు కొన్ని రోజులు ఊపిరి తీసుకునే ఏర్పాటుండాలి, వాళ్ల సొంత ఆరోగ్యం కూడా ఎవరో ఒకరు చూడాలి. వాళ్లు కుప్పకూలితే మీ లెక్కలో ఒక పేషెంటు ఇద్దరవుతారు.

సమాచారం పంచుకోవడం గురించి క్లుప్తంగా. గోప్యత పేరుతో ఆగిపోయే ఫైళ్లను నేను చాలా చూశాను. గోప్యత ముఖ్యమే. కానీ బ్రిటన్‌లో రోగుల గోప్యతకు నియమాలు రాసిన ఫియోనా కాల్డికాట్ 2013లో తన సూత్రాలకు మరొకటి జోడించారు. రోగి సంరక్షణ కోసం సమాచారం పంచుకోవడం కూడా గోప్యతను కాపాడడమంత ముఖ్యమైన బాధ్యత కావచ్చని. పేషెంటును అడిగి, వాళ్ల అనుమతితో, ఇంటికి వెళ్లే సహాయకురాలికి కావాల్సినంత సమాచారం ఇవ్వడానికి అడ్డేమీ ఉండకూడదు.

ఇంకో రెండు అనుభవాలు మీ దృష్టికి తేవాలి. జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా మొదలుపెట్టింది. 2006 నుంచి ప్రాంతాల వారీగా సహాయ కేంద్రాలు పెట్టి, ఒక్కో కేంద్రంలో ప్రజారోగ్య నర్సు, సోషల్ వర్కర్, అనుభవం ఉన్న కేర్ మేనేజర్ ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టింది. కావాల్సిన సేవలు ఇంటికి సుమారు 30 నిమిషాల దూరంలో ఉండాలన్నది వాళ్ల లక్ష్యం. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పిని, బాధను తగ్గించే సంరక్షణ) విధానం ప్రకటించింది. పంచాయతీలు నిధులిచ్చి నర్సులను ఇళ్లకు పంపుతాయి, వాళ్లతో స్థానిక వలంటీర్లు వెళ్తారు. నొప్పికి మందు ఒక చేత్తో, ఆ ఇంటికి తిండిగింజలు, పిల్లల చదువుకు సాయం ఇంకో చేత్తో అందుతాయి. జపాన్ ధనిక దేశం కాబట్టి చేయగలిగింది అనే మాటకు కేరళ జవాబు చెబుతుంది.

చివరిగా, ఏది లెక్కపెడతారన్నది మీ చేతుల్లో ఉంది. ఖాళీ అయిన బెడ్లను మాత్రమే లెక్కపెడితే వార్డులు బెడ్లు ఖాళీ చేస్తాయి, అంతే. కోలుకునే సాయంతో ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన పెద్దవాళ్లు 91 రోజుల తర్వాత ఇంట్లోనే ఉన్నారా అని ఇంగ్లండ్‌లో లెక్కగట్టారు. అలాంటి లెక్కను రెండు శాఖల పనితీరుకూ ఉమ్మడి కొలమానంగా పెట్టండి. ఒకరి మార్కులు పెరిగి ఇంకొకరివి తగ్గే వీలు ఉండకూడదు. ఇంట్లో ఉన్నారా అన్నదానితో పాటు ఎలా ఉన్నారని కూడా అడగండి. నడుస్తున్నారా, మాట్లాడే మనిషి ఉన్నారా, ఇంట్లో చూసుకునేవాళ్లు నిద్రపోగలుగుతున్నారా.

మొత్తం ప్రాంతాన్ని ఒకేసారి మార్చలేమని మీరంటే అర్థం చేసుకోగలను. ఒక ఆస్పత్రితో, దాని చుట్టూ ఉన్న కొన్ని ప్రాంతాలతో మొదలుపెట్టండి. డెబ్భై అయిదేళ్లు దాటి, ఒంటరిగా ఉంటూ ఆస్పత్రిలో చేరినవాళ్లను తీసుకోండి. చేరిన రోజే వాళ్లకు ఒక సమన్వయకర్తను కేటాయించండి, ఇంటి ఏర్పాట్లు ఆ రోజే మొదలవ్వాలి. మిగిలిన అసెస్‌మెంట్ వాళ్ల ఇంట్లో, వాళ్ల వంటగదిలో, వాళ్ల మెట్ల మీద జరగాలి. మనిషి నిజంగా ఏం చేసుకోగలరో వార్డులో తెలియదు. ఖర్చు ఎవరిదన్న వాదన ఇంటికి చేరాక చేసుకోవచ్చు.

ముసాయిదా రాసే దశలోనే ఒక వార్డు సిస్టర్‌ని, ఒక హోమ్ కేర్ వర్కర్‌ని, ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్న ఒక కుటుంబ సభ్యురాలిని మీ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆ రోజు పనికి వాళ్లకు వేతనం ఇవ్వండి, ఇంట్లో వాళ్ల బదులు చూసుకునే మనిషిని పంపండి, లేకపోతే వాళ్లు రాలేరు. నన్ను పిలిచినా వస్తాను. మా వార్డులో వైద్యం పూర్తయి ఎదురుచూస్తున్న ఒక్కొక్కరూ ఎక్కడ ఆగిపోయారో, ఏ సంతకం దగ్గర ఆగిపోయారో, పేర్లు లేకుండా రాసి తెస్తాను.

గౌరవంతో,
ఒక ఆస్పత్రి సోషల్ వర్కర్